కలలో మెలకువ

కల కంటూ ఉండగానే “ఇది కల” అని తెలియడం చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అనుభవమయ్యే విషయమే. కొండ అంచునుండి జారిపడుతూ, ఇది నిజం కాదు గదా అని ధైర్యం తెచ్చుకొని, ఆ క్షణంలోనే మేలుకొన్నవారు ఎందరో ఉంటారు. అరిస్టాటిల్ గూడ తన స్వప్నవిచారంలో ఈ సంగతిని పేర్కొన్నాడు. పూర్వపరిశోధనలను క్రోడీకరించి 2016లో ప్రకటించిన ఒక పరిశీలన ప్రకారం, నూటికి సుమారు 55 మంది జీవితంలో ఒక్కసారైనా ఇట్టి కల కన్నవారే. అయితే ఆ ఎరుకను నిలుపుకొని, కలను మన ఇచ్ఛకు అనుగుణంగా నడుపుకొనడం అభ్యాసంవల్ల సాధ్యమా? అదే నేటి ప్రసంగవిషయం.

జాగ్రత్, స్వప్న, సుషుప్తి అవస్థలను గురించిన విచారం మన దేశంలో మాండూక్యోపనిషత్తులోనే ఉన్నది. టిబెట్టు బౌద్ధులు స్వప్నయోగాన్ని నారోపా ఆరు యోగాలలో ఒకటిగా ఎంచుతారు. ఫ్రాన్సు దేశీయుడైన హెర్వే ద సేన్ డెనీ బాల్యంనుంచీ తన కలలను వ్రాసిపెట్టుకొని, వాటిని నడుపుకొనే ఉపాయాలపై 1867లో ఒక గ్రంథం ప్రకటించాడు. 1913లో డచ్చి వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ తన వ్యాసంలో వీటిని ‘లూసిడ్ డ్రీమ్స్’ అన్నాడు. ఆ పేరే స్థిరపడింది. మనం ‘ఎరుకగల కలలు’ అనుకోవచ్చు.

నిద్రించేవాడు నిజంగా నిద్రలోనే ఉన్నాడనడానికి నిదర్శనమేమి? కలలు ఎక్కువగా వచ్చే నిద్రలో కండరాలు పట్టు విడుస్తాయి గాని, కనుగ్రుడ్లు మాత్రం చురుకుగా కదులుతుంటాయి. ఈ నిద్రను చికాగోలో 1953లో కనుగొన్నారు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ దీనిని ఆధారం చేసుకొన్నాడు. ముందు చేసుకొన్న ఒప్పందం ప్రకారం ఆలన్ వర్స్‌లీ కలలోనుండి కండ్లను కుడియెడమలకు త్రిప్పి సంకేతం పంపాడు. కొద్ది సంవత్సరాలకే అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ గూడ స్వతంత్రంగా దీనిని నిరూపించాడు. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు నిద్రలో ఉన్నవారిని ప్రశ్నలే అడిగారు. ఎనిమిదిలో ఆరు పోతే ఎంత అన్నదానికి ఒకరు కనుసైగతో రెండు అని బదులు చెప్పారు.

ఇక సాధన. మొదటి మెట్టు జ్ఞాపకం. మెలకువ రాగానే కదలక, కలను నెమరువేసుకొని కాగితంమీద పెట్టాలి. రెండవది ప్రశ్న. పగటిపూట పలుమార్లు “ఇది కలా?” అని తనను తాను నిజంగా ప్రశ్నించుకొని, ఒక పంక్తి చదివి, చూపు మరల్చి, మరల చదవాలి. కలలో అక్షరాలు తరచు మారిపోతాయి. మూడవది సంకల్పం. కలల నిద్ర సుమారు 90 నిమిషాలకొకసారి వస్తూ, తెల్లవారుజామున దీర్ఘమవుతుంది. కాబట్టి అయిదారు గంటల నిద్ర తరువాత లేచి, వచ్చిన కలను తలచుకొని, “ఈసారి కల వచ్చినప్పుడు అది కల అని గుర్తిస్తాను” అనుకొంటూ పడుకోవాలి.

ఎరుక కలిగిన తరువాత ఎదురయ్యే మొదటి చిక్కు సంతోషమే. ఉద్రేకపడితే కల చెదరి మెలకువ వస్తుంది. కలలోని చేతులను ఒకదానితోనొకటి రుద్దుకొనడం, గోడను తాకడం దానిని నిలబెడుతాయని అభ్యాసకులు చెబుతారు. రెండవ చిక్కు ఆజ్ఞాపించడం. ఇక్కడ తోట పుట్టాలి అని పట్టుబట్టితే పుట్టదు. తలుపు వెనుక తోట ఉన్నదని నమ్మి తలుపు తెరిస్తే తరచు కనిపిస్తుంది. కల మన జ్ఞాపకాలతోను, ఎదురుచూపులతోను అల్లుకొంటుంది. అందుచేత బలవంతంకంటె నమ్మకమే అక్కడ ఎక్కువ పనిచేస్తుంది.

దీనివల్ల ప్రయోజనమేమని అడుగవచ్చు. రాత్రి రాత్రికీ ఒకే పీడకల తరుముతూ ఉంటే, నిద్రకే భయపడేవారున్నారు. పారిపోయినకొద్దీ ఆ భయం పెరుగుతుంది. జర్మనీ మనశ్శాస్త్రజ్ఞుడు పాల్ థోలీ, తరిమే ఆకారానికి ఎదురుగా నిలిచి “నీవెవరు?” అని అడగమన్నాడు. ఈ మార్గంలో కొందరికి ఉపశమనం కలిగినట్లు చిన్న పరీక్షలలో తేలింది. ఇక్కడ కలను మార్చకపోయినా, దాని యెదుట నిలువగలగడమే పెద్ద లాభం.

ఒక హెచ్చరిక అవసరం. తరచు నిద్ర చెడగొట్టుకొని చేసే సాధన ఆరోగ్యానికి చేటు. విద్యార్థులు, శ్రమజీవులు సెలవురోజులకు దీనిని పరిమితం చేసుకొనడం మేలు. కలకు, నిజానికి భేదం చెదరే మానసికవ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే పూనుకొనరాదు. తక్కినవారికి ఆరంభం సులభం. ఈ రాత్రి తలగడ ప్రక్కన ఒక పుస్తకం, పెన్సిలు ఉంచుకొని పడుకొంటే చాలు.