రెండున్నర లక్షల చీటీతో లండన్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1978 పదో తరగతి బ్యాచ్. తపాలా శాఖలో క్లర్కుగా చేరి, సబ్ పోస్ట్‌మాస్టరుగా 2022లో రిటైరయ్యాను. మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, “నువ్వు లండన్ వెళ్ళొచ్చావటగా, పిల్లల దగ్గరికి కాకుండా సొంత డబ్బుతో వెళ్ళావటగా, దాని గురించి ఓ పావుగంట మాట్లాడు” అన్నాడు. మన బ్యాచ్‌లో అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు ఆరుగురున్నారు. వాళ్ళ ముందు నేను వారం రోజుల లండన్ గురించి మాట్లాడటమేమిటని మొదట సంకోచించాను. కానీ ఈ కథ ఈ బడిలోనే మొదలైంది. అందుకని ఒప్పుకున్నాను.

1976 డిసెంబరులో మా తొమ్మిదో తరగతిని విజయవాడ, అమరావతి, నాగార్జునసాగర్ విహారయాత్రకు తీసుకెళ్ళారు. మనిషికి 45 రూపాయలు. నాన్న రైసు మిల్లులో కూలీ. ఇంట్లో అడిగితే ఏమంటారో తెలుసు కాబట్టి అడగనే లేదు. బడిలో మాత్రం అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. క్లాసులో 42 మందిమి. మిగిలిపోయినవాళ్ళం 11 మందిమి. అందరివీ అలాంటి అబద్ధాలేనని పక్కవాడి మొహం చూస్తే తెలిసిపోయేది.

మా భూగోళం మాస్టారు బస్సెక్కలేదు. మాకు కాపలాగా ఉండిపోయారు. ఆ మూడు రోజులూ స్టాఫ్ రూములోని గ్లోబు తెచ్చి బల్ల మీద పెట్టి, టార్చిలైటుని సూర్యుణ్ణి చేసి, మాకు భూమిని తిప్పి చూపించారు. లండన్ దగ్గర గ్రీనిచ్ అనే చోట సున్నా రేఖాంశం ఉందన్నారు. 15 డిగ్రీలకు ఒక గంట. మన దేశపు టైము 82½ డిగ్రీల రేఖని బట్టి. అంటే అయిదున్నర గంటలు. “ఒరే, ఢిల్లీకి గడియారం పెట్టే రేఖ మన తుని దగ్గరగా పోతోందిరా” అన్నారు. ఆ మాట వినగానే 45 రూపాయల సంగతి కాసేపు మర్చిపోయాం.

వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి అమరావతి శిల్పాల గురించి, సాగర్ డ్యామ్ గురించి వారం రోజులు చెప్పుకున్నారు. నేను వినీ విననట్టు కూర్చున్నాను. ఆ తర్వాత 36 ఏళ్ళు ఉద్యోగం చేశాను. అమరావతికి బస్సెక్కడానికి డబ్బులేని రోజులు ఎప్పుడో పోయాయి. అయినా వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో నాకే సరిగ్గా తెలీదు. గ్రీనిచ్ మాత్రం చూడాలని ఉండేది.

ఇక డబ్బు సంగతి. నెలకు 5,000 చొప్పున 50 నెలల చీటీ వేశాను. రెండున్నర లక్షలు. నేనూ, మా ఆవిడా ఇద్దరం అందులోనే వెళ్ళి రావాలి, అప్పు చెయ్యకూడదు, పిల్లల్ని అడక్కూడదు అని ముందే అనుకున్నాం. 2024 జులైలో వెళ్ళాం. లెక్క చెబుతాను, పనికొచ్చినవాళ్ళు రాసుకోండి.

వీసా ఫీజు అప్పుడు మనిషికి 115 పౌండ్లు. అప్పట్లో పౌండు సుమారు 105 రూపాయలు. ఇద్దరికీ 24,000 అయింది. హైదరాబాద్ నుంచి మధ్యలో ఒకచోట దిగి మారే విమానం, ఇద్దరికీ 1,16,000. మూడు నెలల ముందు కొనబట్టి ఆ ధరకి దొరికింది. వీసాకి ఏజెంటు అక్కర్లేదు. పెన్షన్ కాగితాలు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఇల్లు మన పేరున ఉన్న పత్రం, మళ్ళీ తిరిగొస్తామని నమ్మించే వివరాలు సరిగ్గా పెడితే చాలు. మా మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని రెండు సాయంత్రాల్లో దరఖాస్తు నింపేసింది.

బసకి హోటలు మా వల్ల కాలేదు. అక్కడ విశ్వవిద్యాలయాల హాస్టళ్ళు వేసవి సెలవుల్లో ఖాళీగా ఉంటాయి కాబట్టి గదులు యాత్రికులకు అద్దెకిస్తారు. రస్సెల్ స్క్వేర్ దగ్గర అలాంటి గది దొరికింది. రెండు చిన్న మంచాలు, ఒక బల్ల, వరండాలో స్నానాల గది, అంతస్తుకో వంటిల్లు. రాత్రికి 75 పౌండ్లు. ఏడు రాత్రులకి 55,000. అరవై దాటాక హాస్టల్లో ఉండే అదృష్టం ఎవరికి దక్కుతుంది చెప్పండి!

హీత్రూ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వేగంగా పోయే రైలుకి 2024లో మనిషికి 25 పౌండ్లు ఉండేది. అదే పికడిల్లీ లైన్ మెట్రోకి అప్పుడు 5 పౌండ్ల 60 పెన్నీలే. సుమారు గంట పడుతుంది కానీ తిన్నగా రస్సెల్ స్క్వేర్లోనే దింపుతుంది. ఊళ్ళో తిరగడానికి ఎర్ర బస్సే మేలు. 2024లో టికెట్టు పౌండు ముప్పావు. ఆ ఒక్క టికెట్టుతో గంటలోపు ఎన్ని బస్సులైనా మారి ఎక్కవచ్చు. రోజంతా బస్సుల్లోనే తిరిగితే అప్పుడు 5 పౌండ్ల పావు దాటి తీసుకునేవారు కాదు. డబ్బులిస్తే డ్రైవరు పుచ్చుకోడు. కార్డు తాకించాల్సిందే.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఫారెక్స్ కార్డు ఒక్కటే జేబులో పెట్టుకుని బస్సెక్కాను. ఒకసారి తాకించాను. మా ఆవిడ కోసం మళ్ళీ తాకించబోతే డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు. మనిషికో కార్డు ఉండాలట. వెనక పదిమంది ఓపిగ్గా నిలబడి ఉన్నారు, ఒక్కరూ విసుక్కోలేదు. అదే ఇంకా సిగ్గనిపించింది. దిగిపోయి ఆవిడకి 7 పౌండ్లు పెట్టి ఆయిస్టర్ కార్డు కొన్నాం. రెండో ఫారెక్స్ కార్డు ఇంట్లోనే తీసుకుని ఉంటే ఆ 7 పౌండ్లు మిగిలేవి.

తిండి గురించి అడుగుతారు. అటుకులు, కందిపొడి, ఉప్మా రవ్వ, మాగాయ తీసుకెళ్ళాం. నెయ్యి మాత్రం తీసుకెళ్ళకండి. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం అక్కడికి రానివ్వరు. బియ్యం, పెరుగు అక్కడే కొన్నాం. పొద్దున్న వంటింట్లో వండుకుని డబ్బాలో పెట్టుకుని పార్కు బెంచీ మీద తినేవాళ్ళం. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు, సీసా కొనక్కర్లేదు. ఒకరోజు ఈస్ట్ హామ్ వెళ్ళి దోసె తిన్నాం. ఆ వీధిలో తమిళం, తెలుగు వినపడుతుంటే మా ఆవిడ మొహం వెలిగిపోయింది.

మొదటి రెండు రోజులూ నేను ప్రతి ధరనీ 105తో హెచ్చవేసి పైకి చదివేవాణ్ణి. కాఫీ 350 రూపాయలు, అరటిపండు 25 రూపాయలు. మూడోరోజు మా ఆవిడ “ఏవండీ, ఆ ఎక్కం ఆపకపోతే నేను గదిలోనే ఉంటాను. వచ్చింది చూడ్డానికా, బాధపడ్డానికా?” అంది. ఆపేశాను. పర్సు గట్టిగా పట్టుకోవడం వేరు, ఎప్పుడూ పర్సునే చూస్తూ ఉండటం వేరు. ఆవిడ చెప్పేదాకా నాకు ఆ తేడా తెలీలేదు.

ఆ ఊళ్ళో గొప్పవి చాలావరకు ఉచితం. నేషనల్ గ్యాలరీలో వాన్ గో పొద్దుతిరుగుడు పువ్వులు ఉచితం. సైన్స్ మ్యూజియంలో చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన అపోలో 10 గుళిక ఉచితం. వెస్ట్‌మినిస్టర్ అబ్బేకి మామూలుగా టికెట్టు ఉంది కానీ, సాయంత్రం ప్రార్థనకి వచ్చేవాళ్ళ దగ్గర తీసుకోరు. అంబేడ్కర్ గారు 1921, 22 ల్లో చదువుకుంటూ అద్దెకున్న ఇల్లు ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గర ఉంది. అదీ ఉచితమే. మేం చూడనిది లండన్ టవర్. అక్కడ మనిషికి 30 పౌండ్లు దాటుతుంది. “కోహినూర్ చూడలేదా?” అని ఇక్కడ అందరూ అడిగారు. చూడలేదు.

బ్రిటిష్ మ్యూజియం మా హాస్టలుకి నడిచిపోయేంత దూరం. 1759 నుంచి జనానికి తెరిచి ఉంది, ప్రవేశం ఉచితం. నాలుగోరోజు వెళ్ళాం. ఈజిప్టు మమ్మీలు చూసి, కాళ్ళు నొప్పులు పుట్టి, ఆసియా గ్యాలరీలో ఓ పక్కగా అద్దాల గది కనిపిస్తే అటు నడిచాం. 33ఎ నంబరు గది. గోడ మీద పేరు చదివి నేను ఆగిపోయాను. అమరావతి.

అది మన పల్నాటి సున్నపురాయి. గోడల నిండా పలకలు, స్తంభాలు, పద్మాలు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించి మద్రాసు చేర్చాడు. 1859లో ఓడలో లండన్ వెళ్ళాయి. 1880లో ఈ మ్యూజియంకి వచ్చాయి. అందులో ఒక పలకకి రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక వైపు క్రీస్తుకు పూర్వపు పని, బోధి వృక్షం కింద ఖాళీ ఆసనానికి జనం మొక్కుతున్నారు. రెండు మూడు వందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు మొత్తం స్తూపాన్నే చెక్కారు. ఆ స్తూపం ఎలా ఉండేదో ఇవాళ మనకి తెలుస్తోందంటే ఇలాంటి పలకల వల్లనే.

45 రూపాయలు లేక చూడలేకపోయిన అమరావతిని 48 ఏళ్ళ తర్వాత లండన్లో ఒక్క పెన్నీ ఇవ్వకుండా చూశాను. సంతోషించాలో, ఏడవాలో తెలీలేదు. మన రాళ్ళు అక్కడెందుకున్నాయన్న కోపమూ వచ్చింది. మన ఊరికి కొన్ని గంటల దూరంలో ఉన్నదాన్ని ఇన్నేళ్ళూ చూడలేదేమన్న సిగ్గూ వచ్చింది. రెండోదే ఎక్కువ బాధపెట్టింది. అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పిన అబద్ధం మా ఆవిడకి మొదటిసారి అక్కడ బెంచీ మీద కూర్చునే చెప్పాను.

మర్నాడు గ్రీనిచ్. వాటర్లూ వంతెన మీదుగా పోయే 188 నంబరు బస్సెక్కాం. పై అంతస్తులో ముందు సీటు, టికెట్టు పౌండు ముప్పావు. కొండ మీది అబ్జర్వేటరీ లోపలికి టికెట్టు ఉంది. ఆవరణలోని గీత మీద నిలబడి ఫొటో దిగాలంటే ఆ టికెట్టు కొనాలి. కానీ రేఖాంశానికి గోడ అడ్డం కాదు కదా. గోడ బయట కాలిబాట మీద కూడా గీత గుర్తు పెట్టారు. అక్కడ కాపలా లేదు, క్యూ లేదు. ఒక కాలు పశ్చిమార్ధగోళంలో, ఒక కాలు పూర్వార్ధగోళంలో పెట్టి నిలబడ్డాను. ఉపగ్రహాల లెక్కలో వచ్చే సున్నా రేఖ అక్కడికి 102 మీటర్లు తూర్పున, పార్కులోంచి పోతుందట. అదీ అడుగులు కొలిచి నడిచాను. మాస్టారుంటే తప్పకుండా నడిపించేవారు.

గేటు పక్కన 1852 నాటి గడియారం ఉంది. 24 గంటల ముఖం. మధ్యాహ్నం పన్నెండు కిందుంటుంది. వేసవిలో ఆ దేశమంతా గంట ముందుకి జరుపుకున్నా అది మాత్రం జరపదు, గ్రీనిచ్ టైమే చూపిస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి కప్పు మీది ఎర్ర బంతి కిందికి జారింది. థేమ్స్‌లోని ఓడలు చూసి గడియారాలు సరిచేసుకోడానికి 1833లో పెట్టిన బంతి అది. గేటు గడియారం పన్నెండు చూపిస్తోంది. నేను లెక్క వేసుకున్నాను. పన్నెండుకి అయిదున్నర కలిపితే తునిలో సాయంత్రం అయిదున్నర. టార్చిలైటు లెక్క సరిపోయింది.

తిరిగొచ్చాక లెక్క చూసుకున్నాను. బస్సులు, మెట్రో 8,500. తిండి 15,000. ఇన్సూరెన్స్, హైదరాబాద్ ప్రయాణాలు, చెప్పులు, చిల్లర ఖర్చులు 22,000. అన్నీ కలిపి 2,40,500. చీటీలో 9,500 మిగిలింది. ఆ నెలలోనే ఇద్దరం అమరావతి వెళ్ళొచ్చాం. ఆ ఖర్చు పెన్షన్లోంచి పెట్టాను, ఈ 9,500 ముట్టుకోలేదు.

ఎందుకంటే హెడ్‌మాస్టరు గారిని అడిగాను. ఈ ఏడాది విహారయాత్రకి 60 మందిలో 14 మంది పిల్లలు రావడం లేదట. కారణాలు రాసి ఇచ్చారట. ఇంట్లో పెళ్ళి, నాయనమ్మకి బాగాలేదు, కడుపునొప్పి. ఆ కాగితాలు నేను చూడక్కర్లేదు. వాటిలో ఏముందో నాకు తెలుసు.

మన సంఘం స్వర్ణోత్సవం పేరుతో ఆర్చి కట్టాలనుకుంటోంది. కట్టండి, కాదనను. కానీ దానికి ముందు ఒక చిన్న నిధి పెట్టండి. విహారయాత్రకి ఎవరు డబ్బు కట్టారో, ఎవరు కట్టలేదో పిల్లలకి తెలియకూడదు. క్లాసు మొత్తానికి సంఘమే కట్టాలి. మిగిలిన ఆ 9,500కి ఇంకో 500 కలిపి 10,000 ఇవాళ కోశాధికారికి ఇస్తున్నాను. మా మాస్టారు ఇప్పుడు లేరు. ఉంటే ఆయన కూడా ఈసారి పిల్లలతో బస్సెక్కేవారు.