తుంగభద్ర ఆదాయ వ్యయాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పచ్చడి తిని పంచాంగ శ్రవణానికి కూర్చుంటాము. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని శ్రద్ధగా వింటాము. ఈ ప్రాంతములో మన కుటుంబాల రాశిఫలము చాలవరకు ఒక ఆనకట్ట చేతిలో ఉన్నది. కావున నేడు తుంగభద్ర ఆదాయ వ్యయాలను కాస్త విచారించుకోవడము అసందర్భము కాదని తలుస్తున్నాము.

ఈ నదిపై జలాశయము కట్టవలెనన్న ఆలోచన 1860లోనే సర్ ఆర్థర్ కాటన్‌కు కలిగింది. అయితే మద్రాసు, హైదరాబాదు, మైసూరు ప్రభుత్వాల నడుమ నీటి వాటాలు తేలక అది ఎనిమిది దశాబ్దాలు కాగితాల మీదనే ఉండిపోయింది. 1944లో మద్రాసు, హైదరాబాదు ఒడంబడికకు వచ్చిన పిమ్మట 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. ఎడమ సగము ఒక ప్రభుత్వము, కుడి సగము మరొక ప్రభుత్వము కట్టించాయి. మద్రాసు పక్షాన తిరుమల అయ్యంగారు ప్రధాన ఇంజనీరుగా పనిచేశారు. సున్నము, ఇటుకపొడి కలిపిన సుర్కీతో పేర్చిన రాతికట్టడము అది. సుమారు 90 గ్రామాలు నీటి కిందికి పోయాయి. ఆ ఊళ్ళవారి త్యాగమే ఈ ప్రాజెక్టుకు మొదటి పెట్టుబడి. ప్రభుత్వపు పద్దు ఆ తరువాతిది.

1953 జూలై 1న కాలువలకు నీరు వదిలారు. ఆ సంవత్సరమే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా బళ్ళారి మైసూరులో చేరింది. కట్ట ఒక రాష్ట్రములో, ఆయకట్టు రెండు మూడు రాష్ట్రాలలో ఉండుటచేత తుంగభద్ర బోర్డు అవసరమైంది. నేటి లెక్కలో కర్ణాటకకు 138.99, ఆంధ్రప్రదేశ్‌కు 66.5, తెలంగాణకు 6.51 టి.ఎం.సి.ల వాటా. కట్ట నిర్వహణకయ్యే ఖర్చును కూడా ఈ రాష్ట్రాలే పంచుకొని భరించాలి.

కాలువ వచ్చిన తరువాతనే గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి మన పెద్దలు గంగావతి, సింధనూరు, కారటగి వైపు వచ్చి మెట్టభూములు చదునుచేసి క్యాంపులు వెలయించారు. కాలువ నీరు, కన్నడ సోదరుల ఆదరణ లేకుంటే ఆ చెమటకు ఫలితముండేది కాదు.

ఇక వ్యయభాగము. మొదట సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము పూడికవల్ల నేడు 105.788 మాత్రమే పడుతున్నది. అంటే సుమారు 27 టి.ఎం.సి.ల చోటును మట్టి ఆక్రమించింది. ఇది ఒక రాష్ట్రపు నష్టము కాదు, అందరిదీ.

రెండవది తలుపుల సంగతి. కట్టమీద 33 తలుపులున్నవి. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. 2024 ఆగస్టు 10 రాత్రి, జలాశయము నిండుగా ఉండగా, 19వ తలుపు గొలుసు తెగి కొట్టుకుపోయింది. కట్టపై భారము తగ్గించుటకు మిగిలిన తలుపులెత్తి విలువైన నీటిని వదులుకోవలసివచ్చింది. తలుపుల విద్యలో ఆరితేరిన కన్నయ్యనాయుడుగారి సలహాతో ప్రవాహము సాగుతుండగానే అడ్డుపలకలు దించి వారములోపల గండి మూశారు. తరువాత వానలు కరుణించాయి. కాని 33 తలుపులూ మార్చవలసినవేనని నిపుణులు తేల్చడముతో 2025లో జలాశయాన్ని నిండా నింపక 80 టి.ఎం.సి.ల వద్ద ఆపవలసివచ్చింది.

ఇందులో మనము గ్రహించవలసిన విషయమొకటి ఉన్నది. కొత్త కట్టకు శంకుస్థాపనలుంటవి, శిలాఫలకాలుంటవి. గొలుసుకు కందెన పూసినందుకు, తుప్పు గీకి రంగువేసినందుకు శిలాఫలకము వేయరు. అందుచేతనే నిర్వహణ పద్దు ఎప్పుడూ వెనుకబడుతుంది. ముగ్గురి ఉమ్మడి బావికి తాడు కొనడానికి ముగ్గురూ ఒకరినొకరు చూచుకున్నట్లుంటుంది. తీరా తాడు తెగితే దాహము ముగ్గురిదీ.

తలుపు మార్చడము కూడా ఊరకే కాదు. నీరు తలుపుల అడుగుకంటె కిందికి దిగితేగాని పాతది విప్పలేరు. అంటే రెండవ పంటకు నీరు తగ్గక తప్పదు. ఆ దెబ్బ ముందుగా తగిలేది కాలువ చివరి రైతుకు, అతనికంటె ముందు నాట్లకు పోయే కూలికి. కట్ట క్షేమము కోసము ఒక పంట మానుకొమ్మంటే మానుకోవడము ధర్మమే. ఆ నష్టాన్ని చివరి మడి వానిమీదనే వదిలివేయడము మాత్రము ధర్మము కాదు.

నీటి తగాదా వచ్చినప్పుడల్లా మనలను ‘మీరే పక్షము?’ అని అడిగేవారుంటారు. పుట్టినిల్లు దిగువన, మెట్టినిల్లు ఎగువన ఉన్నవారము మనము. మన పక్షము కట్ట పక్షమే. కావున ఏ పార్టీవారు ఓట్లకు వచ్చినా, ఏ భాషలో మాట్లాడినా, మూడు మాటలు అడుగుదాము. నిర్వహణకు ఏ రాష్ట్రము ఎంత ఇచ్చిందో ఏటేటా ప్రకటించాలి. వానకాలానికి ముందు తలుపుల పరీక్ష ఫలితాన్ని రైతు సంఘాలకు తెలపాలి. పంట మానుకున్న ఏడు రైతుకు, కూలికి ఆసరా కల్పించాలి. మనవంతుగా నీటితీరువా బకాయి లేకుండా కట్టుదాము, కాలువకు అక్రమపు తూములు పెట్టకుండా ఉందాము. అప్పుడే అడిగే నోటికి బలముంటుంది.