దమ్ము కిరాయి వేరు, దారి కిరాయి వేరు

అరెకరం మడికి దమ్ము చేయడానికి ట్రాక్టరు రావడం లేదని చిన్న రైతులు అంటున్నారు. లెక్క చూద్దాం. ఊరు 8 కిలోమీటర్లయితే పోయి రావడానికి, గంటకు 15 చొప్పున, గంట పైనే. కేజీవీల్స్‌తో తారు రోడ్డెక్కితే రోడ్డు చెడుతుంది, కేసూ పెడతారు. ట్రాలీలో వేసుకెళ్లి గట్టు దగ్గర బిగించాలి, మళ్లీ విప్పాలి. ఆ డీజిలు, ఆ గంటలు ఎవరిస్తారు? ఎకరానికింత అని ఒకే రేటు పెడితే ట్రాక్టరు యజమానికి గిట్టదు. అది పెంచితే పక్క చేనువాడి మీదా పడుతుంది. అందుకే దారి కిరాయి విడిగా పెట్టమంటున్నాను. ఒకే కాలువ కింద నలుగురు ఒకేరోజు పిలిస్తే తలా నాలుగో వంతే. నీళ్లు ఎలాగూ వంతు ప్రకారం కలిసే వస్తాయి కదా! ట్రాక్టరున్నవాళ్లూ మన సంఘంవాళ్లే. నాట్లకు ముందే వాళ్లతో కూర్చుని రెండు రేట్లూ తేల్చి, పంచాయతీ దగ్గర బోర్డు మీద రాయించండి.