నెలలు నిండని బిడ్డ - ఇనుము

 

వానలో విడిచిన నాగటికర్రు తుప్పు పట్టుట మన మెరిగినదే. ఇనుమును ప్రాణవాయువును తేమలో కలిసినచోట ఆ మార్పు కలుగును. నెలలు నిండక పుట్టిన శిశువు దేహమందును ఇటువంటి చిక్కే కలదు.

రక్తమునకు ఇనుము అవసరము. తల్లినుండి బిడ్డకు అది అధికముగా చేరునది గర్భమందలి చివరి మూడు మాసములలోనే. ముందుగా పుట్టిన బిడ్డకు ఆ నిలువ తక్కువ. కావున రక్తహీనత కలుగవచ్చును. అట్లని మితిమీరినను ప్రమాదమే. మాంసకృత్తుల నంటక విడిగా నున్న ఇనుము ప్రాణవాయువుతో చేరి, కణములను చెరచు పదార్థములను పుట్టించును. వానిని అణచు శక్తి ఆ పసికందునకు ఇంకను చాలినంత రాలేదు. కన్నులు, ఊపిరితిత్తులు, ప్రేగులు, మెదడు దెబ్బతినవచ్చును.

మేలుచేయునదియే మితిమీరి కీడుచేయు ననుటకు చరిత్రయందొక సాక్ష్యము కలదు. 1942లో బోస్టన్ నగరమున టెర్రీ అను వైద్యుడు ఇట్టి శిశువుల అంధత్వమును వర్ణించెను. 1951లో మెల్‌బోర్న్ నగరమున కేట్ కాంప్‌బెల్ అను వైద్యురాలు, అధికముగా ఇచ్చిన ప్రాణవాయువే కారణమని సూచించెను. పిదప జరిగిన పరీక్షలు దానిని రూఢిపరచినవి. ఊపిరి నిలిపిన వాయువే చూపును హరించెను!

కావున తల్లులారా! ఇనుము చుక్కలమందును వైద్యుడు చెప్పిన కొలతకు మించి పోయకుడు, చెప్పినపుడు మానకుడు. 34 వారములకు ముందు పుట్టిన, లేక 2 కిలోలకు తక్కువ తూగిన బిడ్డకు 30 దినములలోగా కంటిపరీక్ష చేయించుడు. రేపు ఈ గ్రంథాలయమున పుస్తకము చదువవలసిన కన్నులవి.