బుల్లి ట్రక్కుకు ఫిల్టర్

భిలాయి పక్కనే జాముల్. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఎండాకాలం దుమ్ము సంగతి సరేసరి! అలాంటి చోట రిమోట్‌తో నైట్రో బొమ్మ ట్రక్కు నడిపే కుర్రాళ్లూ, ఒక్క మాట.

బొమ్మ అంటాం గానీ, లోపల ఉన్నది నిజమైన ఇంజనే. తాగేది పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, కాస్త నూనె కలిపిన ఇంధనం. కార్బురేటర్ దారి చాలా సన్నం. నలుసు అడ్డుపడితే ఇంధనం తగ్గుతుంది, ఇంజను వేడెక్కుతుంది.

అందుకే ఫిల్టర్. ఎక్కడ పెట్టాలి? ట్యాంకుకూ కార్బురేటర్‌కూ మధ్య. సైలెన్సర్ నుంచి ట్యాంకుకు వచ్చే గొట్టం మీద కాదు. అది ఒత్తిడి కోసం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, జాగ్రత్త.

సిలికాన్ గొట్టాన్ని పదునైన బ్లేడుతో తిన్నగా కోయండి. ఫిల్టర్ మీద బాణం గుర్తుంటే అది కార్బురేటర్ వైపు చూడాలి. వేడి ఇంజనుకు తగలనివ్వకండి. గొట్టం మడత పడనివ్వకండి.

ఇంధనం పారుతుంటే బుడగలు కనిపిస్తున్నాయా? ఎక్కడో గాలి దూరుతోంది. మళ్లీ బిగించండి. ఇంకోసారి చెబుతున్నా, ట్యాంకుకూ కార్బురేటర్‌కూ మధ్య.

మిథనాల్ విషం. దాని మంట పట్టపగలు కనబడీ కనబడనట్టుంటుంది. పిల్లలూ, పెద్దవాళ్లు పక్కన ఉంటేనే ట్యాంకు నింపండి.