ప్రత్తిలో ప్లాస్టిక్ పోగు
(రైతుల సభయందు చదివిన యుపన్యాసము)



మీరు చేనినుండి బండి కెత్తు ప్రత్తికిని, బజారులో మీరే కొను ధోవతికిని నడుమ నెన్ని పనులు జరుగుచున్నవో మనలో చాలమంది తిన్నగా నెఱుగరు. ప్రత్తికి వెల తగ్గుటకు గల కారణములలో నొకటి యా నడుమనే దాగియున్నది.

దూది యనునది గింజపై మొలచు రోమము. పువ్వు విచ్చిన పిదప రమారమి మూడు వారములు ఈ పీచు పొడవు పెరుగును. అటుపిమ్మట దాని గోడ దళసరి యగును. కాయ పగిలి యెండినపుడు గొట్టమువంటి యా పీచు చదునై మెలికలు తిరుగును. ఈ మెలికలవలననే యొక పీచు మఱియొకదానిని పట్టుకొనును. పక్వము గాని ప్రత్తిని తొందరపడి యేరినచో పీచు తెగును, ఉండలు గట్టును.

మిల్లులో గింజ తీయగా 100 కిలోల ప్రత్తికి సుమారు మూడవవంతు దూది వచ్చును. దానిని దువ్వి, ఏకు చేసి, సాగదీసి, పురిపెట్టి నూలు వడికెదరు. పడుగునకు గంజి పెట్టి, పేకతో నేయుదురు. (శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో ప్రత్తిని దువ్వు నేర్పరులు గలరు, ఆ యోపిక యంత్రమున కెక్కడిది?)

ఇక పాలియెస్టరు. 1941లో ఇంగ్లండునందు విన్‌ఫీల్డు, డిక్సను అను రసాయనికులు దీనిని కనిపెట్టిరి. రాతినూనెనుండి పుట్టిన పదార్థమును కరగించి, సన్నని రంధ్రములగుండ నెట్టి పోగులు తీయుదురు. దానికి వానతో పనిలేదు, పురుగు భయము లేదు. దీనిని కావలెనని ప్రత్తితో కలిపి నేయుట యొకటి. కృత్రిమపు పోగు తెలియక కలియుట వేఱొకటి.

మీ ఎరువుల సంచులు పాలిప్రొపిలీను మొదలగు ప్లాస్టిక్ పోగులతో నేసినవి. వానిలో ప్రత్తిని త్రొక్కి నింపి, మూతిని ప్లాస్టిక్ త్రాటితో కట్టినచో కొన్ని పోగు లూడి దూదిలో చేరును. యంత్రము వానిని ముక్కలు చేయునే గాని పూర్తిగా వేఱుచేయజాలదు. తెల్లనివగుటచే నూలులో కానరావు. గుడ్డను అద్దకపు తొట్టిలో ముంచిన పిదపనే గుట్టు బయటపడును: ప్రత్తికి పట్టు రంగు వానికి పట్టదు గదా! నీలి గుడ్డపై తెల్లని గీతలు నిలుచును. ఆ నష్టమును మిల్లువారు ముందే లెక్కించి వెల కట్టెదరు. జాగ్రత్తపడిన రైతునకును ఆ తక్కువ వెలయే దక్కును.

కావున నూలు గుడ్డ సంచులలోనే ఏరింపుడు. ఏరు స్త్రీలు వెండ్రుకలు పడకుండ తలకు గుడ్డ కట్టుకొనవలయును. మంచు ఆరిన పిమ్మటనే చేనిలో దిగవలయును. తూకమునకై నీరు చల్లుట తగదు. భారత ప్రత్తి సంస్థవారు తేమ నూటికి 8 దాటిన వెల తగ్గించెదరు, 12 దాటిన కొననే కొనరు.

సంచులకు ఖర్చెక్కడిది యందురేమో. పాత చీరలు, దుప్పట్లు కుట్టించిన చాలును. నూలువి కావలయును సుమా. పాలియెస్టరు చీర యిందులకు పనికిరాదు.