నడిచి వెళ్ళగలిగే ఊరు

(రేడియో ప్రసంగ పాఠం)



ఎండాకాలం వస్తోందంటే అమెరికాలో ఉన్న మనలో చాలామంది ఇళ్ళకి అమ్మానాన్నలో, అత్తగారూ మామగారో వస్తారు. వచ్చిన మొదటి రెండు మూడు వారాలూ ఇల్లంతా సందడే. నయాగరా అవుతుంది, గుళ్ళు అవుతాయి, షాపింగ్ మాల్ అవుతుంది. ఆ తర్వాత మనం ఆఫీసులకీ, పిల్లలు సమ్మర్ క్యాంపులకీ వెళ్ళిపోతాం. పెద్దవాళ్ళు ఇంట్లో మిగులుతారు. మన ఊళ్ళో తెల్లారగట్ల లేచి పాలప్యాకెట్టు తెచ్చుకుని, దారిలో నలుగురినీ పలకరించి, సాయంత్రం గుడికో రైతుబజారుకో వెళ్ళొచ్చే మనిషి, ఇక్కడ కొత్తిమీర కట్ట కావాలన్నా కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. "ఏమీ తోచడం లేదురా" అంటే మనం ఇంకో తెలుగు ఛానెల్ పెట్టిస్తాం. పాపం, వాళ్ళు అడిగింది ఛానెల్ కాదు. తమ కాళ్ళతో తాము వెళ్ళి రాగలిగే చోటు ఒకటి.

ఇవాళ ఆ చోటు గురించే మాట్లాడదామనుకుంటున్నాను. నగరాల్లో కార్ల వాడకం తగ్గించాలి అనగానే పర్యావరణం, పొగ, పెట్రోలు గుర్తొస్తాయి. అవన్నీ నిజమే. కానీ మన కుటుంబాలకి అంతకంటే దగ్గరి విషయం ఇంకోటుంది. కారు లేకపోతే కదలలేని ఊళ్ళో, కారు నడపలేని ప్రతి మనిషీ ఇంకొకరి మీద ఆధారపడాల్సిందే. పెద్దవాళ్ళు, పదహారేళ్ళు నిండని పిల్లలు, కొత్తగా కాపురానికొచ్చి ఇంకా లైసెన్సు తీసుకోని అమ్మాయి, కంటిచూపు తగ్గినవాళ్ళు. లెక్కేస్తే ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో ఉంటారు.

మరి ఈ దేశంలో ఊళ్ళు ఇలా ఎందుకున్నాయి? "అమెరికా పెద్ద దేశం, బోలెడంత స్థలం" అనుకుంటాం. స్థలం ఒక్కటే కారణం కాదు. వీధి చివర చిన్న కిరాణా కొట్టు పెట్టుకోవాలని ఎవరికైనా అనిపించినా, చాలా సబర్బుల్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇళ్ళుండే చోట ఇళ్ళే ఉండాలి, కొట్లు ఇంకోచోట ఉండాలనే జోనింగ్ పద్ధతిని 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇళ్ళ పక్కన పొగగొట్టాల ఫ్యాక్టరీలు రాకుండా ఆపడం మంచిదే. అయితే ఫ్యాక్టరీతో పాటు కిరాణా కొట్టూ, మంగలిషాపూ, టీకొట్టూ కూడా దూరమైపోయాయి. 1956లో ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన హైవే చట్టంతో 41,000 మైళ్ళ ఇంటర్‌స్టేట్ రోడ్లకి పథకం వేశారు. ఖర్చులో 90 శాతం కేంద్ర ప్రభుత్వమే పెట్టుకుంది. ఊళ్ళు ఆ రోడ్ల వెంట పరుచుకుంటూ పోయాయి.

దానికి పార్కింగ్ నిబంధన తోడైంది. ఏ కొట్టు కట్టినా, ఏ హోటలు కట్టినా ఇన్ని కార్లకి చోటు వదలాలని ఊళ్ళు చట్టాలు రాసుకున్నాయి. ఒక్క కారు నిలపడానికి, అది వచ్చిపోయే దారితో కలిపి, సుమారు 300 చదరపు అడుగులు కావాలి. అంటే చాలా రెస్టారెంట్లలో మనం కూర్చుని తినే చోటు కంటే మన కార్లు నిలబడే చోటే ఎక్కువ. యూసీఎల్ఏ ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్, 2025లో కన్నుమూశారు, దీని మీద 2005లో పెద్ద పుస్తకమే రాశారు. ఉచిత పార్కింగ్ అనేది ఉచితం కానే కాదు, ఆ ఖర్చు అద్దెలోనూ, సరుకుల ధరలోనూ కలిసిపోయి కారు లేనివాడి దగ్గర కూడా వసూలవుతుందని ఆయన వాదన. అది డబ్బు సంగతి. నడిచేవాడికి ఇంకో చిక్కుంది. కొట్టుకీ కొట్టుకీ మధ్య ఎండలో కాగే తారు మైదానం దాటుకుంటూ ఎవరు నడుస్తారు?

ఇక మనం ముచ్చటపడి కొనుక్కునే కల్‌డిశాక్ ఇళ్ళు. పెరటి కంచె అవతల ఉన్నది మనవాళ్ళ ఇల్లే. వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. కానీ గుమ్మంలోంచి బయల్దేరి రోడ్డు పట్టుకుని వెళ్ళాలంటే మైలు దూరం. మధ్యలో ఆరు వరసల రోడ్డు ఒకటి. మన ఊళ్ళో అయితే గోడ మీంచే కూరగిన్నె అందించేసేవాళ్ళం.

దీనికి మనం కట్టే మూల్యం చూడండి. 1969లో ఈ దేశంలో ఎనిమిదో తరగతి లోపు పిల్లల్లో దాదాపు సగంమంది బడికి నడిచో, సైకిలు మీదో వెళ్ళేవారు. 2009 నాటికి ఆ సంఖ్య 13 శాతానికి పడిపోయింది. మిగతావాళ్ళలో చాలామందికి డ్రైవర్లం మనమే. ఇక ప్రాణాల సంగతి. వాహనాలు గుద్ది చనిపోయిన పాదచారులు 2009లో సుమారు 4,100 మంది. 2022లో 7,500 మందికి పైనే. వీళ్ళలో మూడొంతుల మంది చీకటి వేళ చనిపోయినవాళ్ళు. చలికాలం సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది కాబట్టి, వాకింగ్‌కి వెళ్ళే మన పెద్దవాళ్ళ విషయంలో ఇది గుర్తుపెట్టుకోవలసిన మాట.

వేగం ఎంత తేడా తెస్తుందో చెప్తాను. గంటకి 23 మైళ్ళ వేగంతో కారు తగిలితే పదిమందిలో ఒకరు చనిపోయే ప్రమాదముంది. అదే 42 మైళ్ళయితే పదిమందిలో ఐదుగురు. వయసు పెరిగే కొద్దీ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మన సబ్‌డివిజన్ బయట రోడ్డు మీద బోర్డు ఎంత చూపిస్తోందో ఒకసారి గమనించండి. 45 అని ఉంటే, అమ్మని ఆ రోడ్డు దాటి కొట్టుకి వెళ్ళి రమ్మనడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

"రోడ్లు ఇంకా వెడల్పు చేస్తే సరి" అంటారు కొందరు. హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్ళకి కేటీ ఫ్రీవే సంగతి తెలుసు. 2008 నాటికి దాన్ని వెడల్పు చేయడం పూర్తయింది. పక్కరోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరసలు. తీరా చూస్తే 2011, 2014 సంవత్సరాల మధ్య రద్దీవేళ ప్రయాణ సమయం ఉదయం సుమారు 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగింది. రోడ్డు ఖాళీగా ఉందని మరింత దూరాన ఇళ్ళు కట్టారు, మరిన్ని కార్లు వచ్చాయి. చెరువు తవ్వితే కప్పలు వచ్చి చేరినట్టే అయింది.

అయితే ఇది మారదా? మారుతుంది. నెదర్లాండ్స్ అనగానే సైకిళ్ళే గుర్తొస్తాయి. వాళ్ళు పుట్టుకతోనే అలా ఉన్నారనుకుంటాం. 1950లు, 60లలో వాళ్ళూ కార్ల కోసం వీధులు వెడల్పు చేసినవాళ్ళే. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది పోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్లెక్కారు. "పిల్లల హత్యలు ఆపండి" అన్నదే ఆ ఉద్యమం పేరు. 1973లో చమురు సంక్షోభం కూడా వచ్చి వాళ్ళకి కలిసొచ్చింది. క్రమంగా వీధుల రూపమే మార్చుకున్నారు. 2023లో అక్కడ రోడ్డు ప్రమాద మరణాలు 684. అక్కడ వానా ఉంది, చలీ ఉంది. అయినా జనం నడుస్తున్నారు, తొక్కుతున్నారు.

అంత దూరం ఎందుకు, న్యూజెర్సీలో హోబోకెన్ ఉంది. అరవై వేలకి అటూ ఇటూ జనాభా. 2017 జనవరి తర్వాత ఏడేళ్ళ పాటు ఆ ఊరి వీధుల్లో వాహన ప్రమాదాల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. వాళ్ళు చేసినవి బ్రహ్మవిద్యలేమీ కావు. రోడ్డు దాటే గీతలకి 25 అడుగుల లోపు కారు నిలపకూడదని ఆ రాష్ట్రంలో చట్టం ఉంది. ఎవరూ లెక్కచేయరు. హోబోకెన్‌లో ఆ మూలల్లో ప్లాస్టిక్ స్తంభాలు పాతారు, సైకిల్ స్టాండ్లు పెట్టారు, కొన్నిచోట్ల మొక్కలు నాటారు. కారు ఆపుదామన్నా ఆపలేరు. దాంతో దాటే మనిషి డ్రైవరుకి కనిపిస్తాడు, డ్రైవరు మనిషికి కనిపిస్తాడు. 2022లో ఊరంతా వేగపరిమితి 20 మైళ్ళకి తగ్గించారు. 2018లో మేయరైన రవి భల్లా గారు భారతీయ సంతతివారే. అంతకు ముందే మొదలైన ఈ పనిని ఆయన కొనసాగించారు. హోబోకెన్ పాత రైల్వే ఊరు, ఇరుకు వీధులు, అన్నీ దగ్గర దగ్గర. మన సబర్బులు ఒక్క రోజులో హోబోకెన్ కావు. కానీ మూలన పాతే స్తంభానికి ఊరు పాతదైనా కొత్తదైనా ఒకటే.

పార్కింగ్ చట్టాలు కూడా కదులుతున్నాయి. 2017లో బఫెలో, 2023లో ఆస్టిన్ నగరాలు కొత్త కట్టడాలకి కనీసం ఇన్ని కార్ల చోటుండాలనే నిబంధనని ఊరంతటా ఎత్తేశాయి.

మన హైదరాబాదు మాట కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఫ్లాట్లు కొంటున్నది మనమే. అక్కడ పాత పేటల్లో గుమ్మం దిగితే అన్నీ ఉంటాయి, నడవడానికి ఫుట్‌పాతే ఉండదు. ఉన్నదాని మీద స్కూటర్లూ, ట్రాన్స్‌ఫార్మర్లూ. ఇక్కడ కొన్ని సబ్‌డివిజన్లలో అందమైన సైడ్‌వాక్ ఉంటుంది, దాని చివర వెళ్ళడానికి ఏమీ ఉండదు. అక్కడ దారి లేదు, ఇక్కడ గమ్యం లేదు. ఇప్పుడు నగరం శివార్లలో ఎత్తైన గోడలు కట్టి, గేటు దాటితే కారు తప్ప గతిలేని కాలనీలు కడుతుంటే, మనం "అచ్చం అమెరికాలా ఉంది" అని సంబరపడి కొంటున్నాం. ఆ ఇంట్లో ఉండబోయేది రేపు ముసలివాళ్ళమయ్యాక మనమే.

మరి మనం చేయగలిగిందేమిటి? నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగ్ చూస్తాం, వాస్తు చూస్తాం, తూర్పు గుమ్మం చూస్తాం. ఒక ఆదివారం ఆ ఇంటి దగ్గర్నుంచి బడికీ, పార్కుకీ, దగ్గరి కొట్టుకీ నడిచి చూడండి. పిల్లాడిని ఒంటరిగా ఆ దారిన పంపగలమా అని అడగండి.

రెండోది, బడి. పిల్లలు బడికి క్షేమంగా నడిచి వెళ్ళే దారుల కోసం 2005లో కేంద్ర ప్రభుత్వం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. సైడ్‌వాక్‌లకీ, దాటే చోట్లకీ నిధులు అలా వచ్చాయి. మీ బడి పీటీఏలో అడిగి చూడండి. నలుగురైదుగురు తల్లిదండ్రులు వంతులు వేసుకుని వీధి పిల్లలందరినీ వరసగా నడిపించి తీసుకెళ్ళడానికి నిధులు కూడా అక్కర్లేదు. ఈ పనికి తాతగార్ల కంటే తగినవాళ్ళు ఎవరున్నారు?

మూడోది, మన గుళ్ళూ, కమ్యూనిటీ హాళ్ళూ. చౌకగా దొరికిందని హైవే పక్కన పది ఎకరాలు కొంటాం. తర్వాత అక్కడికి కారులో తప్ప ఎవరూ రాలేరు. ఈసారి స్థలం చూసేటప్పుడు బస్సు ఆగుతుందా, నడిచే దారి ఉందా అని కమిటీలో ఒక్కరైనా అడగండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఏ రోడ్డు ఎంత వెడల్పు, ఎక్కడ క్రాస్‌వాక్, ఎక్కడ కొట్టు పెట్టుకోవచ్చు అన్న సంగతులు ఎక్కువగా మన ఊరి సిటీ కౌన్సిల్లో, ప్లానింగ్ బోర్డులోనే తేలతాయి. ఆ సమావేశాలకి ఎవరైనా వెళ్ళవచ్చు, చాలాచోట్ల రెండు మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. పౌరసత్వం అడగరు, ఉచ్చారణ చూడరు. సంక్రాంతి సంబరాలకి ఐదువందల మందిమి వస్తాం. ఆ హాల్లో మాత్రం తెలుగు ముఖం ఒక్కటీ కనబడదు. వచ్చేది "మా వీధిలో అపార్ట్‌మెంట్లు వద్దు, కొట్లు వద్దు" అనేవాళ్ళే కాబట్టి వాళ్ళ మాటే చెల్లుతోంది.

అడగడానికి పెద్ద ప్రణాళికలు అక్కర్లేదు. "మా కాలనీ నుంచి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి రోడ్డు దాటే దారి లేదు. మా అమ్మకి డెబ్భై ఏళ్ళు. ఒక క్రాస్‌వాక్, ఒక సిగ్నలు కావాలి" అంటే చాలు. ఒకసారికి కాకపోతే నాలుగుసార్లు అడగండి, ఇరుగుపొరుగుని తోడు తీసుకెళ్ళండి. వీలైతే అమ్మనే తీసుకెళ్ళి ఆవిడ చేతనే తెలుగులో చెప్పించండి, మీరు పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పండి. క్రాస్‌వాక్ ఎందుకు కావాలో ఆవిడ కంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఆ హాల్లో ఇంకెవరూ ఉండరు.